ఒక్క ఫోటాన్ కలిపిన లెక్క

కాంతికి ఒక్క ఫోటాన్ కలిపితే ఏమవుతుంది? ఇంటర్ చదివే పిల్లలు కూడా అడగగల ప్రశ్న. జవాబు కూడా సులువే అనిపిస్తుంది: ఉన్నదానికి ఒకటి పెరుగుతుంది. 1991లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి జి.ఎస్. అగర్వాల్, కె. తార కలిసి ‘ఫిజికల్ రివ్యూ ఎ’లో ప్రచురించిన పత్రం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. అందులో వాళ్లు నిర్వచించిన కాంతికి లెక్క కడితే, పెరిగేది ఒకటి కాదని తేలుతుంది. లేజర్ కాంతికి ఒక ఫోటాన్ కలిపితే సగటు ఒకటికీ రెండుకీ మధ్య ఎంతో కొంత పెరుగుతుంది. ఎంత అనేది ఆ కాంతి ముందు ఎంత ఉందో దాన్ని బట్టి ఉంటుంది. పెన్సిలు, కాగితం, డిగ్రీ స్థాయి క్వాంటం సిద్ధాంతం ఉంటే ఎవరైనా సరిచూసుకోవచ్చు. క్వాంటం ఆప్టిక్స్‌లో ఇంత చిన్న ప్రశ్న నుంచి ఇంత దూరం తీసుకెళ్లిన పని నాకు తెలిసినంతలో తక్కువ. అగర్వాల్ పనితనం ఎలాంటిదో చెప్పాలంటే ఈ ఒక్క పత్రాన్ని దగ్గరగా చూస్తే చాలునని నా నమ్మకం. అక్కడికి వెళ్లే దారిలో ఆయన చేసిన మరికొన్ని పనులూ చూడాలి.

గిరీశ్ అగర్వాల్ తెలుగువారు కారు. 1946లో బరేలీలో పుట్టారు, గోరఖ్‌పూర్‌లో డిగ్రీ, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివారు, 1969లో అమెరికాలోని రోచెస్టర్‌లో ఎమిల్ వోల్ఫ్ దగ్గర పీహెచ్‌డీ పూర్తి చేశారు. కానీ ఆయన పరిశోధనలో అత్యంత ఫలవంతమైన కాలం, 1977 నుంచి 1995 దాకా, హైదరాబాద్‌లో గడిచింది. ఆ విశ్వవిద్యాలయం రావడం వెనక మా ఖమ్మం-పాల్వంచ ప్రాంతం ఉంది. 1969 జనవరిలో పాల్వంచ థర్మల్ స్టేషన్ ఉద్యోగాల మీద రాజుకున్న అసంతృప్తి, ఖమ్మంలో ఒక విద్యార్థి కూర్చున్న నిరాహార దీక్ష, ఇవి ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి తొలి అడుగులు. తర్వాత 1972లో అవతలి వైపు జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. రెండింటినీ చల్లార్చడానికి 1973లో ఆరు సూత్రాల పథకం తెచ్చారు. అందులో ఒక సూత్రం హైదరాబాద్‌లో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టాలన్నది. 1974లో పార్లమెంటు చట్టం చేసింది. నాంపల్లిలో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో చదువులు మొదలయ్యాయి. మూడేళ్లకు అగర్వాల్ భౌతికశాస్త్ర ప్రొఫెసర్‌గా అక్కడ అడుగుపెట్టారు. పాల్వంచలో ఉద్యోగాల గొడవ మొదలుపెట్టిన వాళ్లెవరూ ఫోటాన్ల గురించి ఆలోచించి ఉండరు. అయినా ఆ వరసలో ఒక్క మెట్టు లేకపోయినా ఈ కథకు హైదరాబాద్ ఉండేది కాదు.

అగర్వాల్ మనసును తొలినాళ్లలో పట్టుకున్న విషయాల్లో ఒకటి మా అడవిలో వానాకాలం ముందు ఎవరికైనా కనిపించేదే. కిన్నెరసాని వైపు గానీ, గోదావరి దాటి దుమ్ముగూడెం దారిలో గానీ తొలకరి రాత్రుల్లో మిణుగురులు వెలుగుతాయి. వాటి ఒంట్లో లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసినప్పుడు పుట్టే అణువు ఉత్తేజిత స్థాయిలో ఉంటుంది. ఎవరూ తట్టకుండానే అది కిందికి దిగుతుంది, దిగుతూ ఒక ఫోటాన్‌ను వదులుతుంది. దీన్నే స్వచ్ఛంద ఉద్గారం అంటారు. ట్యూబులైటు పూతలో జరిగేదీ ఇదే. ఐన్‌స్టీన్ 1916-17లో దీనికి ఒక గుణకం ఇచ్చారు. 1930లో వైస్‌కాఫ్, విగ్నర్ అది ఎలా జరుగుతుందో లెక్క కట్టారు. పరమాణువు చుట్టూ ఏమీ లేదనుకున్న చోట కూడా శూన్యపు విద్యుదయస్కాంత క్షేత్రం ఉంటుంది. పరమాణువు దానితో శక్తి పంచుకుంటుంది, ఆ శక్తి తిరిగి రాదు.

1974లో అగర్వాల్ దీని మీద ఒక పూర్తి గ్రంథం రాశారు. ‘స్ప్రింగర్ ట్రాక్ట్స్ ఇన్ మోడర్న్ ఫిజిక్స్’ వరసలో 70వ సంపుటం. అప్పటికి ఆయన వయసు ముప్పై కూడా కాదు. అది చదవడం కష్టం, ఆ సంగతి ముందే చెప్పాలి. పుట నిండా సమీకరణాలు, మధ్యలో మాట తక్కువ. ఊపిరి తీసుకోవడానికి ఆయన చోటివ్వరు. కానీ ఓపిక పట్టినవాళ్లకు అందులో ఒక చిన్న ఫలితం దొరుకుతుంది. ఒక పరమాణువుకు పైన రెండు స్థాయిలు పక్కపక్కనే ఉన్నాయనుకుందాం, రెండూ కింద ఒకే స్థాయికి దిగుతాయి. దిగే రెండు దారులూ ఒకే శూన్యంలోకి ఫోటాన్ వదులుతాయి కాబట్టి ఆ దారులు ఒకదానితో ఒకటి వ్యతికరణం చెందుతాయి. కొన్ని పరిస్థితుల్లో ఆ వ్యతికరణం ఉద్గారాన్ని ఆపేస్తుంది. పరమాణువు కొంత భాగం పైనే చిక్కుకుపోతుంది, ఎంతసేపు చూసినా కిందికి రాదు. దానంతట అదే జరిగి తీరుతుందనుకున్న ఉద్గారాన్ని శూన్యమే ఆపగలదని అర్థం.

దీనికి ఒక అడ్డంకి ఉంది. ఆ రెండు దారుల ద్విధ్రువ భ్రామకాలు, అంటే పరమాణువు ఏ దిక్కులో కాంతితో ముడిపడుతుందో చెప్పేవి, సమాంతరంగా ఉండాలి. నిజమైన పరమాణువుల్లో అలాంటి జత దొరకడం చాలా అరుదు. చాలామంది సిద్ధాంతకర్తలు ఆ అభ్యంతరాన్ని పుస్తకం చివర పాదసూచికలో వదిలేస్తారు. అగర్వాల్ వదల్లేదు. 2000లో, అంటే ఇరవై ఆరేళ్ల తర్వాత, అహ్మదాబాద్‌లో ఉండగా ‘ఫిజికల్ రివ్యూ లెటర్స్’లో మళ్లీ దాని దగ్గరికి వచ్చారు. సమాంతరంగా ఉండాలన్న షరతు అన్ని దిక్కులా ఒకేలా ఉండే శూన్యానిది. పరమాణువును ఒక ఉపరితలం దగ్గర పెడితే అక్కడి శూన్యం దిక్కును బట్టి మారుతుంది, అప్పుడు లంబంగా ఉన్న ద్విధ్రువాల మధ్య కూడా వ్యతికరణం వస్తుందని చూపించారు. పాత బాకీ తీర్చడానికి పావు శతాబ్దం తర్వాత తిరిగొచ్చిన మనిషిని ఇక్కడ చూస్తాం. ఆయన పనిలో నాకు ఎక్కువ ఇష్టమైన గుణం ఇదే.

హైదరాబాద్ కాలంలో వచ్చిన 1984 పత్రం గురించి కొంచెం చెప్పాలి. రెండు అద్దాల మధ్య కుహరంలో ఒక్క పరమాణువు, కాంతి ఏమీ లేదు. పరమాణువు ఫోటాన్ వదిలితే అది బయటికి పోలేదు, అద్దాల మధ్యే ఉంటుంది, పరమాణువు దాన్ని తిరిగి మింగేస్తుంది, మళ్లీ వదులుతుంది. శక్తి ఇటూ అటూ మారుతూ ఉంటుంది. దీన్ని బయటినుంచి కొలవాలంటే ఎలా? అగర్వాల్ చెప్పింది సూటిగా ఉంది: బలహీనమైన తరంగాన్ని పంపి ఎంత శోషణ జరుగుతుందో చూడండి, ఒక గీత ఉండాల్సిన చోట రెండు గీతలు కనిపిస్తాయి. కుహరంలో పరమాణువులు ఎక్కువైతే ఆ గీతల మధ్య దూరం వాటి సంఖ్య వర్గమూలంతో పెరుగుతుంది, నాలుగు పరమాణువులుంటే రెట్టింపు, తొమ్మిదుంటే మూడింతలు. ఎంత పెరుగుతుందో ముందే చెప్పడం వల్ల ప్రయోగశాలవాళ్లకు ఒక కొలబద్ద దొరికింది. 1989లో పరమాణువుల గుంపుతోనూ, 1992లో కాల్‌టెక్‌లో థాంప్సన్, రెంపే, కింబుల్ కుహరంలో సగటున ఒక్క పరమాణువుతోనూ ఆ రెండు గీతల్ని చూశారు. కింబుల్ బృందం ప్రయోగం ఈ రంగంలో ఒక మైలురాయి. దానికి ఎనిమిదేళ్ల ముందే, అలాంటి కుహరం లేని హైదరాబాద్ నుంచి ఆ రెండు గీతల లెక్క వెళ్లింది.

1986లో సూర్య పి. తివారీతో కలిసి రాసిన మరో పత్రం, ఒక బలమైన లేజర్‌తో దట్టమైన వాయువు గుణాల్ని మార్చి, కొత్త రంగు కాంతి పుట్టడాన్ని అదుపు చేయవచ్చని చెప్పింది. నాలుగేళ్ల తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో హారిస్ బృందం కాంతితోనే వాయువును పారదర్శకం చేసే ఆలోచనకు ఒక పేరు పెట్టి, దాన్ని ఒక పెద్ద రంగంగా మార్చింది. హైదరాబాద్ పత్రం దానికి దగ్గరి బంధువు. దాని గురించి విడిగా రాయాలి, ఇక్కడ ఇంతే.

ఇప్పుడు 1991 పత్రానికి వద్దాం. లేజర్ కాంతిలో ఫోటాన్ల సంఖ్య స్థిరంగా ఉండదు. సగటు ఒకటి అయితే, ఒకసారి కొలిస్తే సున్నా రావచ్చు, ఒకటి, రెండు, మూడు కూడా రావచ్చు. పోయ్‌సాన్ సూత్రం ప్రకారం సున్నా రావడానికి దాదాపు 37 శాతం, ఒకటికి మళ్లీ 37, రెండుకు 18, మూడుకు 6 శాతం అవకాశం. 1963లో గ్లౌబర్ ఇలాంటి కాంతికి సంబద్ధ స్థితి అని పేరు పెట్టి దాని గణితాన్ని స్థాపించారు. అదే ఏడాది మన దేశంలో పుట్టిన భౌతికశాస్త్రవేత్త సుదర్శన్ ఏ కాంతినైనా ఆ స్థితుల భాషలో రాయవచ్చని చూపారు. సంబద్ధ స్థితికి ఒక వింత గుణం ఉంది: దాని నుంచి ఒక ఫోటాన్ తీసేసినా అది మారదు. అందుకే అందరూ దాన్ని సాధారణ తరంగానికి దగ్గరగా ఉండే కాంతి అంటారు. అగర్వాల్, తార తీసేయడాన్ని పక్కన పెట్టి కలపడం వైపు తిరిగారు.

ఫోటాన్‌ను కలిపే గణిత క్రియను, అంటే కలిపే ఆపరేటర్‌ను, ఒకసారి ప్రయోగించండి. మొదట జరిగేది సున్నా మాయం కావడం. ఒకటి కలిపాక సున్నా ఫోటాన్లు ఉండే అవకాశం లేదు. ఇది ఎవరైనా ఊహిస్తారు. రెండో సంగతి ఊహకు అందదు. సగటు ఒకటి ఉన్న కాంతికి ఒకటి కలిపాక లెక్క కడితే ఒకటి రావడానికి 18 శాతం, రెండుకు 37, మూడుకు 28, నాలుగుకు 12, అయిదుకు 4 శాతం అవకాశం వస్తుంది. సగటు చూస్తే రెండున్నర. ఒకటి కలిపితే ఒకటిన్నర పెరిగింది!

ఎక్కడిదీ అర? ఇక్కడ ఐన్‌స్టీన్ 1917 నాటి మాట పనికొస్తుంది. ఉత్తేజిత పరమాణువు ఫోటాన్‌ను వదిలే అవకాశం, అక్కడ ఇప్పటికే ఎన్ని ఫోటాన్లున్నాయో దానికి ఒకటి కలిపినంత. మూడు ఫోటాన్లున్న చోట అవకాశం నాలుగు పాళ్లు, సున్నా ఉన్న చోట ఒక పాలు. కాబట్టి ఫోటాన్ చేరింది అన్న వార్త వచ్చిందంటే, ఆ కాంతిలో ముందునుంచే ఎక్కువ ఫోటాన్లు ఉండి ఉండాలని కూడా తెలుస్తోంది. కలపడం అనే పని కలిపిన ఒకటితో ఆగదు, పాత పంపిణీని కూడా ఎక్కువ వైపుకు మొగ్గిస్తుంది. బీజగణితంలో రాస్తే, సగటు r అయితే పెరుగుదల (2r + 1)ను (r + 1)తో భాగించినంత. చీకటికి కలిపితే సరిగ్గా ఒకటి పెరుగుతుంది. చాలా బలమైన లేజర్‌కు కలిపితే దాదాపు రెండు. నాలుగు ఉన్నదానికి కలిపితే 1.8 పెరుగుతుంది. డిగ్రీ చివరి ఏడాది విద్యార్థి అర్ధగంటలో దీన్ని రాబట్టగలడు. కొత్తగూడెం, భద్రాచలం కాలేజీల్లో క్వాంటం యాంత్రిక శాస్త్రం చెప్పే అధ్యాపకులు ఈ ఒక్క లెక్కను బోర్డు మీద చేసి చూపించాలని నా కోరిక. హార్మోనిక్ డోలకం పాఠంలో కలిపే, తీసే ఆపరేటర్లు పరీక్ష కోసం బట్టీ పట్టే గుర్తులుగా మిగిలిపోతున్నాయి. ఈ లెక్క వాటికి ప్రాణం పోస్తుంది.

పత్రం ఇక్కడ ఆగదు, అసలు పనితనం దీని తర్వాత ఉంది. ఒక ఫోటాన్ కాకుండా ఎన్ని కలిపినా పనిచేసే సాధారణ సూత్రం రాసి, దాని పరిమాణాన్ని లగేర్ బహుపదుల్లో క్లుప్తంగా పట్టుకున్నారు. ఒక కొసన లేజర్ కాంతి, మరో కొసన సరిగ్గా ఇన్ని ఫోటాన్లు అని చెప్పగల క్వాంటం స్థితి, ఈ రెండింటి మధ్య కొత్త స్థితుల వరస మొత్తాన్ని ఒకే సూత్రం కలుపుతుంది. తర్వాత ఒక్కొక్క పరీక్ష పెట్టారు. ఫోటాన్ల సంఖ్యలో ఒడుదొడుకులు సాధారణ కాంతికంటే తక్కువ ఉన్నాయా? ఉన్నాయి. క్షేత్రంలోని ఒక భాగపు ఒడుదొడుకులు శూన్యంకంటే తగ్గుతాయా? ఒక ఫోటాన్ కలిపిన స్థితికి నేను విడిగా లెక్క కట్టి చూస్తే, ముందరి సగటు ఒకటి దాటిన తర్వాతే తగ్గుతాయి. మూడు దగ్గర తగ్గుదల అత్యధికం, ఒడుదొడుకుల వర్గం శూన్యపు విలువలో ముప్పావు. బలం ఇంకా పెరిగితే తేడా మళ్లీ మాసిపోతుంది. కాంతి స్థితిని సంభావ్యత లాంటి పటంగా చూపే విగ్నర్ ప్రమేయం రుణాత్మకం అవుతుందా? అవుతుంది. సాధారణ సంభావ్యతకు రుణాత్మక విలువ ఉండదు కాబట్టి, అలా అయిన చోట ఆ కాంతిని ఏ సాధారణ తరంగాల మిశ్రమంగానూ చెప్పలేం. లేజర్ బలం పెరిగేకొద్దీ ఆ రుణాత్మకత వేగంగా సన్నగిల్లుతుంది, సున్నా మాత్రం కాదు.

ఆఖరున, ఇలాంటి కాంతిని ఎలా తయారు చేయాలి? సిద్ధాంతకర్తకు ఈ ప్రశ్న తప్పనిసరి కాదు. అయినా వాళ్లు వేసుకున్నారు. ఉత్తేజిత పరమాణువును లేజర్ కాంతి ఉన్న కుహరం గుండా కొద్దిసేపు పంపండి, బయటికి వచ్చాక అది భూస్థాయిలో కనిపిస్తే, లోపలి కాంతికి ఒక ఫోటాన్ చేరినట్టే. సూత్రం, పరీక్షలు, తయారీ, మూడూ ఒకే పత్రంలో ఉన్నాయి. వాటిలో మూడోది లేకపోతే ఈ పత్రం అందమైన గణితంగా మిగిలేది.

పదమూడేళ్ల తర్వాత, 2004లో, ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో జవట్టా, విచియాని, బెల్లీని ఆ కాంతిని చేసి ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. వాళ్లు వాడింది కుహరం కాదు, ఒక స్ఫటికం. అందులోకి పంపిన కాంతి ఫోటాన్లు అప్పుడప్పుడు రెండు చిన్న ఫోటాన్లుగా విడిపోతాయి. అవి వెళ్లే రెండు దారుల్లో ఒకదానిలో ముందే బలహీనమైన లేజర్ కాంతి పంపి ఉంచారు, రెండో దారిలో ఒక డిటెక్టర్ పెట్టారు. డిటెక్టర్ టిక్కుమంటే, మొదటి దారిలోని లేజర్ కాంతికి జంటలో రెండో ఫోటాన్ చేరిందని అర్థం. ఆ క్షణాల్లో మాత్రమే కాంతిని కొలిచి విగ్నర్ ప్రమేయాన్ని గీశారు. లేజర్ బలం దాదాపు సున్నా ఉన్నప్పుడు ఒంటరి ఫోటాన్ ఆకారం, పెంచేకొద్దీ మెల్లగా సాధారణ తరంగం ఆకారం వైపు కదలిక. హైదరాబాద్ సూత్రం చెప్పిన వరస మొత్తం ఆ ప్రయోగశాల తెర మీద కనిపించింది.

అప్పటికి అగర్వాల్ అహ్మదాబాద్‌లో ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ డైరెక్టర్. 1995లో ఆ పదవి కోసం హైదరాబాద్ వదిలారు. ఆ తర్వాత ఓక్లహోమా, ఇప్పుడు టెక్సాస్ ఎ అండ్ ఎమ్. 1982లో భట్నాగర్ బహుమతి, 1988లో మాక్స్ బోర్న్ అవార్డు, 2008లో రాయల్ సొసైటీ ఫెలోషిప్ వచ్చాయి. కేంబ్రిడ్జ్ ముద్రించిన ఆయన ‘క్వాంటమ్ ఆప్టిక్స్’ పాఠ్యగ్రంథం 1974 పుస్తకంకంటే ఎంతో దయగలది, దాన్ని ముందు చదవమని విద్యార్థులకు చెప్తాను.

ఫ్లోరెన్స్ బృందం 2007లో మరో అడుగు వేసింది. పరీజి, జవట్టా, కిమ్, బెల్లీని రాసిన పత్రమది. ఈసారి లేజర్ కాంతి కాదు, బల్బు కాంతి వంటి వేడి కాంతి. ఒక ఫోటాన్ కలిపి తర్వాత ఒకటి తీశారు. మళ్లీ మొదటినుంచి, ముందు తీసి తర్వాత కలిపారు. మడిలో దమ్ము చేసి నాటు వేయడం, నాటు వేసి దమ్ము చేయడం ఒకటి కానట్టే, ఈ రెండు వరసల్లో వచ్చిన కాంతులు ఒకటి కావు. అసలు వేడి కాంతి నుంచి ఒక ఫోటాన్ తీస్తే సగటు తగ్గదు, రెట్టింపవుతుంది. ఉన్నచోటినుంచే తీయగలం కాబట్టి, తీయగలిగామన్న వార్త అక్కడ ఎక్కువ ఉన్నాయని చెప్తుంది. ముందు తీసి తర్వాత కలిపిన కాంతిలో సున్నా ఫోటాన్ల అవకాశమే ఉండదు. ముందు కలిపి తర్వాత తీసిన దానిలో అది ఉంటుంది. ఆపరేటర్ల వరస మారితే ఫలితం మారుతుందన్న క్వాంటం నియమం రెండు వేర్వేరు చిత్రాలుగా కనిపించింది. 1970లో అగర్వాల్, వోల్ఫ్ కలిసి ‘ఫిజికల్ రివ్యూ డి’లో వరసగా రాసిన మూడు పత్రాలు సరిగ్గా దీని గురించే: వరస మారితే ఫలితం మారే ఆపరేటర్లను మామూలు ప్రమేయాలుగా ఎలా రాయాలి, ఏ వరసకు ఏ ప్రమేయం సరిపోతుంది అని. అదే కాలంలో కేహిల్, గ్లౌబర్ కూడా ఆ పనే వేరే దారిలో చేశారు. ఫ్లోరెన్స్‌వాళ్లు తమ కాంతిని చూపించడానికి గీసిన విగ్నర్ ప్రమేయం, ఆ మూడు పత్రాలు ఒకే చట్రంలోకి తెచ్చిన ప్రమేయాల్లో ఒకటి.